అరటిపండు రాకుమారి

అనగనగా ఒక రాజుగారు. అదుగో, మూలన కూర్చున్నవాళ్లెవరో అప్పుడే "ఏడుగురు కొడుకులు" అంటున్నారు. కాదర్రా! ఈ రాజుగారికి ఇద్దరే కొడుకులు, వాళ్ల తర్వాత చాలా ఏళ్లకి పుట్టిన ఒక కూతురు. రాజ్యం పేరు చందనగిరి. రాజుగారి పేరు చిత్రభానుడు. పెద్దకొడుకు రత్నకేతుడు, రెండోవాడు మణికేతుడు, కూతురు పాలవెల్లి. మన కథ ఈ పాలవెల్లిదే.

చిత్రభాను మహారాజుకి మాటలు బొత్తిగా తక్కువ. ఔనంటే తల ఊపేవాడు, కాదంటే "వద్దు" అనేవాడు. మంత్రులకి ఆ మాత్రం చాలు. పిల్లలకి చాలదు కదా, అందుకని ముగ్గురూ ఎక్కువగా తల్లి ఇందుమతి దగ్గరే ఉండేవారు.

అన్నలిద్దరూ దాగుడుమూతలాడితే చెల్లెల్ని వదిలిపెట్టేవారు కాదు. వదిలిపెడితే కోట కూలిపోయేలా ఏడుస్తుంది మరి! అలాగని లెక్కలోకీ తీసుకునేవారు కాదు. "చెల్లాయ్, మేం ఆడే ఏ ఆటలోనైనా నువ్వు అరటిపండువే" అని ఒకేసారి తేల్చేశారు. ఆటలో అరటిపండంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? దొరికినా దొరకనట్టే. దొంగ పెట్టక్కర్లేదు. ఎక్కడ దాక్కున్నా ఎవరూ పనిగట్టుకుని వెతకరు. పాలవెల్లికి ఆ మాటంటే ఒళ్లుమంట. ఒకసారి ధాన్యపు గాదె వెనకాల ఎంతో బాగా దాక్కుంది. ఎవరూ రాలేదు. కూర్చుని కూర్చుని నిద్రపోయింది. లేచి వచ్చేసరికి అన్నలు గుర్రపుస్వారీకి వెళ్లిపోయారు.

అందుకని పాలవెల్లి తన ఆట తనే ఆడుకునేది. ఆమెకి అంకుడు కర్రతో చేసి లక్కరంగులు పూసిన బొమ్మలు మూడున్నాయి. ఒకటి చక్రాల గుర్రం, ఒకటి ఉడత, ఒకటి చెవి విరిగిన పులి. గుర్రానికి ఎప్పుడూ సణుగుడే. ఉడతకి ప్రతిదానికీ తొందరే. పులికి రోజంతా ఆకలే. మూడింటి గొంతులూ పాలవెల్లే పలికేది. రోజుకో కథ చెప్పి, ఆ కథలో మూడింటినీ నానాతిప్పలూ పెట్టేది.

ఇలా ఉండగా ఒకనాడు పిడుగులాంటి వార్త వచ్చింది. పొరుగు రాజ్యం మదనపురం రాకుమారి హేమరేఖ కనిపించడం లేదట. ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడనే మాంత్రికుడు ఆమెని ఎత్తుకుపోయాడట. రత్నకేతుడు వెంటనే కత్తి దూసి, "నేను తీసుకొస్తాను" అని ఓడెక్కాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే ఉండిపోయాడు. "అన్నయ్యని నేను తీసుకొస్తాను" అని మణికేతుడు ఓడెక్కాడు. అతనూ రాలేదు.

రాణిగారు తిండి మానేసింది. రాజుగారు తల ఊపడం కూడా మానేశాడు. పాలవెల్లి తండ్రి ముందు నిలబడి, "నాన్నగారూ, నేను వెళ్లి అన్నయ్యల్ని తీసుకొస్తాను" అంది. రాజుగారు "వద్దు" అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగింది. "వద్దు" అన్నాడు. మూడోరోజు అడగబోతుంటే మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయాడు. పాలవెల్లికి ఉక్రోషమొచ్చింది. అటుకులూ బెల్లమూ మూట కట్టుకుని, మూడు బొమ్మలూ ఒడిలో కట్టుకుని ఎవరికీ చెప్పకుండా సముద్రం ఒడ్డుకి వెళ్లిపోయింది. మీరు మాత్రం ఇలాంటి పనులు చెయ్యకండి. చేస్తే మీ వీపు విమానం మోతే.

ఒడ్డున ఓడలు లేవు. పాలవెల్లి చక్రాల గుర్రాన్ని నీళ్లమీద పెట్టింది. కర్ర కదా, హాయిగా తేలింది. "ఇప్పుడు నువ్వు పెద్ద గుర్రానివి" అంది. గుర్రం పెద్దదయింది. అలా ఎలా అవుతుందని అడక్కండి. మీరు చీపురుపుల్లని కత్తి అన్నప్పుడు నేనడిగానా?

మొదటిది ఉప్పు సముద్రం. దారిపొడుగునా మూడు బొమ్మల మాటలూ పాలవెల్లే మాట్లాడింది. "అమ్మో, నా చక్రాలు తడిసిపోతున్నాయి!" అని గుర్రం గొంతుతో సణిగింది. "పద పద పద!" అని ఉడత గొంతుతో తొందరపెట్టింది. "ఇందులో చేపలున్నాయా?" అని పులి గొంతుతో అడిగింది. రెండోది చెరుకురసం సముద్రం. అక్కడికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి సగం మాటలే పలికింది. మూడోది కల్లు సముద్రం. అక్కడ గుర్రం కాస్త తూలింది. పాలవెల్లి సణగడానికి నోరు తెరిచిందో లేదో, గుర్రమే వెనక్కి తిరిగి, "ఇక నా మాటలు నేనే ఆడుకుంటాలే తల్లీ. నువ్వు నా గొంతు సరిగ్గా పట్టడం లేదు" అంది.

పాలవెల్లి నోరు వెళ్లబెట్టింది. "పద పద పద!" అంది ఉడత, తనంతట తనే. "ఇంతకీ చేపల సంగతి ఎవరూ చెప్పలేదు" అంది పులి.

ఇంక చూడండి ఆ ప్రయాణం! నేతి సముద్రంలో జర్రున జారారు. పెరుగు సముద్రంలో చక్రాలు కూరుకుపోతే ముగ్గురూ దిగి తోశారు. పాల సముద్రంలో పులి కడుపు పగిలేలా తాగి, ఊడిపడేంత బొజ్జేసుకుని పడుకుంది. ఆఖరిది మంచినీళ్ల సముద్రం. అక్కడ అందరూ ఒళ్లు కడుక్కున్నారు. ఎదురుగా నల్లరాతి కోట కనిపించింది.

కోటకి ఇనుప తలుపులు, లోపల గడియ. ఉడత గోడెక్కి, కిటికీలో దూరి, గడియ తీసేసింది. తలుపు తెరుచుకోగానే పాలవెల్లి లోపలికి తొంగిచూసింది. లోపలంతా అరలే. అరల నిండా బొమ్మలే. రాజుల బొమ్మలు, రైతుల బొమ్మలు, నావికుల బొమ్మలు, చిన్నపిల్లల బొమ్మలు. ఒక అరలో కోరమీసం మెలేస్తున్న బొమ్మ ఉంది. అది పెద్దన్నయ్య! పక్కనే నవ్వబోయి మధ్యలో ఆగిపోయిన బొమ్మ ఉంది. అది చిన్నన్నయ్య! పాలవెల్లి ఇద్దరినీ గుండెకి హత్తుకుంది. కర్ర చల్లగా తగిలింది.

"ఎవరది? ముట్టుకోవద్దు!" అని గర్జిస్తూ ధూమకంఠుడు వచ్చాడు. గడ్డం నేలని ఊడుస్తోంది. మాటకొకసారి గొంతులోంచి పొగ వస్తోంది.

"వీళ్లు మా అన్నయ్యలు. నేను తీసుకుపోతా" అంది పాలవెల్లి. బొమ్మల్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నాతో దాగుడుమూతలాడి గెలిస్తే తీసుకుపో. ఓడితే నువ్వూ బొమ్మవై అరెక్కుతావు. వాళ్లూ అలాగే ఎక్కారు. ఆటకి ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నా."

పాలవెల్లి ఇత్తడి గంగాళంలో దాక్కుంది. ధూమకంఠుడు నేరుగా వచ్చి మూత తీసి, తలమీద ఒక్కటి తట్టి, "దొరికావు! బొమ్మవైపో!" అన్నాడు. ఏమీ కాలేదు. "ఏదో పొరపాటయింది" అనుకుని మళ్లీ ఆడాడు. పాలవెల్లి తెర వెనక దాక్కుంది. "దొరికావు! బొమ్మవైపో!" అన్నాడు. ఏమీ కాలేదు. మూడోసారి మిద్దె మీద గడ్డివాములో దూరింది. గడ్డి విసిరి పారేసి, "దొరికావు! బొమ్మవైపో!" అని గొంతు చించుకున్నాడు. పొగ వచ్చింది, దగ్గొచ్చింది, పాలవెల్లి మాత్రం చెక్కుచెదరలేదు.

"మూడుసార్లూ వెతకకుండానే నేరుగా వచ్చావు. కళ్లకి అంజనం పెట్టుకున్నావు కదూ? తొండి!" అంది పాలవెల్లి.

మాంత్రికుడు సిగ్గుపడి కళ్లు తుడుచుకున్నాడు. "అది సరే గానీ, నీకెందుకు మంత్రం పట్టడం లేదు?"

పాలవెల్లి కూడా అదే ఆలోచిస్తోంది. ఉన్నట్టుండి చేతిలో ఉన్న అన్నల బొమ్మలకేసి చూసి గట్టిగా నవ్వేసింది. "తాతగారూ! మా అన్నయ్యలు ఈ ఆటలో ఉన్నారా లేదా?"

"ఉన్నారు. ఓడిపోయి ఉన్నారు."

"మా అన్నయ్యలున్న ఏ ఆటలోనైనా నేను అరటిపండునే. వాళ్లే తేల్చేశారు. నన్ను నువ్వు వందసార్లు పట్టుకున్నా దొరికినట్టు కాదు."

ఎంత మంత్రమైనా ఆట నియమం దాటలేదు కదా. ధూమకంఠుడు చతికిలబడ్డాడు. పాలవెల్లికి జన్మలో మొదటిసారి ఆ మాట తియ్యగా తోచింది.

అరటిపండు ఓడదు, నిజమే. కానీ గెలవనూ గెలవదు. అన్నల్ని విడిపించాలంటే వేరే దారి చూడాలి. మాంత్రికుల ప్రాణం చిలకలో ఉంటుందని పాలపళ్లు ఊడని పిల్లలకి కూడా తెలుసు. పాలవెల్లికి తెలియదా? తల ఎత్తి చూసింది. ఒక గోడ నిండా చిలకలే! పచ్చవి, ఎర్రవి, బొద్దువి, బక్కవి, అన్నీ కర్రవే. ఇందులో ఏదో ఎలా తెలుస్తుంది?

"తాతగారూ, ఇన్ని బొమ్మలున్నాయి కదా, నువ్వు వీటితో ఏం ఆట ఆడతావు?" అని అడిగింది.

"ఆడటమేమిటి? ఏడొందల ఏళ్లనుంచీ రోజూ పొద్దున్నే దుమ్ము తుడుస్తాను. మళ్లీ అరలో పెడతాను."

"అంతేనా! ఏడొందల ఏళ్లనుంచీ తుడవడమేనా?" పాలవెల్లికి నిజంగానే జాలేసింది. "రా, కూర్చో. పెళ్లి చేద్దాం."

నేలమీద బొమ్మలు పరిచింది. కోరమీసం బొమ్మ పెళ్లికొడుకు. ఏదో అనబోతున్నట్టు నోరు తెరిచిన ఒక అందాల బొమ్మ పెళ్లికూతురు. నావికులు బాజాబజంత్రీలు. రైతులు వంటవాళ్లు. "నువ్వు పురోహితుడివి. మంత్రాలు నీకెలాగూ వచ్చు" అంది. మాంత్రికుడు మొదట మొహమాటపడ్డాడు. తర్వాత బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి, "పెళ్లికొడుకు మేనమామ ఏడీ? మేనమామ లేకుండా పెళ్లేమిటి?" అని తనే వెతకడం మొదలుపెట్టాడు. పాలవెల్లి పరికిణీ అంచులోంచి పసుపుపచ్చ దారం లాగి, బొమ్మల మెడలో మూడు ముళ్లూ వేయించింది.

అప్పుడు చెవి విరిగిన పులి పెళ్లిపందిట్లోకి వచ్చింది. "నేను పెళ్లికూతురి తరఫు చుట్టాన్ని. నాకు చిలకల వేపుడు లేకపోతే అలుగుతాను" అంది.

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చుట్టం అలిగితే ఎలా? ఇదుగో, ఈ బొద్దు చిలక" అని తనే తీసి ఇచ్చాడు. పులి కరకరలాడించినట్టు నటించి, "ఉప్పు చాల్లేదు" అంది. "అయితే ఈ ఎర్రది" అన్నాడు. "మాడిపోయింది" అంది పులి. "ఈ బక్కది?" అన్నాడు. "పంటికింద రాళ్లు" అంది. మాంత్రికుడికి నవ్వుతో కళ్లనీళ్లొచ్చాయి. ఒక్కొక్క చిలకా ఖర్చవుతోంది. పాలవెల్లి మాత్రం చిలకల్ని చూడటం లేదు, మాంత్రికుడి మొహాన్ని చూస్తోంది.

"అదుగో, పైన మూల ఒకటుంది. రంగు లేదు, ముక్కు విరిగింది. అది పెడదామా?" అంది.

మాంత్రికుడి నవ్వు టక్కున ఆగింది. గొంతులో పొగ ఆగింది. "అదొద్దు! అది... అది పాతది. చేదు. పాపం, పులికి కడుపునొప్పి వస్తుంది."

"ఉడతా!" అంది పాలవెల్లి. పద పద పదమంటూ ఉడత అరలెక్కి చిలకని కిందికి తోసింది. పులి ఎగిరి నోట కరుచుకుంది. ఈసారి నటన కాదు. ధూమకంఠుడు రెండు చేతులతో మెడ పట్టుకుని మోకాళ్లమీద పడ్డాడు.

"మా అన్నయ్యల్ని మనుషుల్ని చెయ్యి. అందరినీ చెయ్యి. చేస్తే వదిలేస్తాం" అంది పాలవెల్లి.

"చెయ్యలేను తల్లీ! ఒట్టు! బొమ్మల్ని చెయ్యడమే నేర్చుకున్నా. తిరిగి మనుషుల్ని చెయ్యడం నాకు ఎవరూ నేర్పలేదు. చంపినా చెయ్యలేను" అని బావురుమన్నాడు.

అతని కళ్లు చూస్తే అబద్ధం కాదని తెలిసిపోతోంది. పాలవెల్లి అన్నల బొమ్మల్ని ఒళ్లోకి తీసుకుంది. ఏడు సముద్రాలు దాటి వచ్చింది ఇందుకా? చిన్నన్నయ్య బొమ్మ నవ్వు దగ్గరే ఆగిపోయి ఉంది. దానికేసి చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. గుర్రం సణగలేదు. ఉడత తొందరపెట్టలేదు. పులికి ఆకలి లేదు.

ఏడ్చి ఏడ్చి ముక్కు తుడుచుకుని ఆలోచించింది. ఇది మంత్రమైతే మాంత్రికుడికి తెలియాలి. అతనికే తెలియదు. కానీ ఇది ఆట కదా. నేను గెలవక, ఓడక, సాగుతూనే ఉన్న ఆట మా ఇంట్లో ఎలా ఆగుతుంది?

పాలవెల్లి గబగబా లేచి గుమ్మంలోకి వెళ్లింది. పరికిణీ కుచ్చెళ్లు బొడ్లో దోపింది. ఒక చెయ్యి నడుంమీద పెట్టింది. అచ్చం అమ్మ గొంతుతో కేకేసింది.

"ఒరేయ్ రత్నం! ఒరేయ్ మణీ! ఆటలు చాలు, అన్నానికి రండి!"

ఎవరూ కదల్లేదు. మొదటి పిలుపుకే లేచే పిల్లల్ని మీరెక్కడైనా చూశారా?

"అన్నం చల్లారిపోతోంది! ముద్దపప్పు, ఆవకాయ, వెన్నకాచిన నెయ్యి! వస్తారా రారా?"

కోరమీసం కొంచెం కదిలింది. నవ్వబోయిన పెదవులు ఇంకాస్త విచ్చుకున్నాయి.

"ఇప్పుడు నేను గరిటె పట్టుకుని వచ్చానంటే ఊరుకోను!"

"వస్తున్నామమ్మా!" అని కోట దద్దరిల్లింది. ఒక్కరు కాదు, ఇద్దరు కాదు, వందలమంది! ఎవరికి వాళ్లకి వాళ్ల అమ్మ గొంతే వినిపించింది. రాజులు, రైతులు, నావికులు, చిన్నపిల్లలు అందరూ అరలమీంచి దభీదభీమని దూకి, కళ్లు నులుముకుంటూ ఏదీ విస్తరి అని చూశారు. రత్నకేతుడూ మణికేతుడూ చెల్లెల్ని ఎత్తుకుని గిరగిరా తిప్పారు.

"వస్తున్నా..." అని ధూమకంఠుడు కూడా సగం లేచాడు. తర్వాత, తనని పిలిచేవాళ్లు ఎవరూ లేరని గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాడు.

"మింగెయ్యనా?" అంది పులి చిలకని పళ్ల మధ్య ఉంచుకుని.

పాలవెల్లి మాంత్రికుడికేసి చూసింది. "వద్దు. ఇచ్చెయ్యి" అంది. చిలకని అతని చేతిలో పెట్టి, "ఎవరి ప్రాణం వాళ్లే మోసుకోవాలి తాతగారూ. మళ్లీ దాచావంటే ఈసారి వేపుడే" అంది. ధూమకంఠుడు చిలకని గుండెకి ఆనించుకున్నాడు. ప్రాణం లోపలికి వెళ్లింది, పొగ పోయింది. ఏడొందల ఏళ్లలో మొదటిసారి కడుపులో గుర్రుమంది. "నాకూ ఆకలేస్తోంది" అన్నాడు ఆశ్చర్యంగా.

ఇంతలో అవతల గొడవ. "నా మెడలో ఈ దారం ఎవరు కట్టారు?" అని పెళ్లికూతురు బొమ్మ అరుస్తోంది. అదే, మదనపురం రాకుమారి హేమరేఖ! రత్నకేతుడు తన చేతికి చిక్కుకున్న దారం కొసని వెనక్కి దాచుకున్నాడు. "ఉత్తుత్తి పెళ్లి వదినా. కావాలంటే నిజం చేసుకోండి" అంది పాలవెల్లి. "అప్పుడే వదినా!" అని హేమరేఖ కోప్పడబోయి, కోరమీసంకేసి ఓరగా చూసి ఊరుకుంది.

అందరూ చందనగిరి చేరారు. రాణి ఇందుమతి ఎవరిని ముందు కావలించుకోవాలో తెలియక ముగ్గురినీ ఒకేసారి కావలించుకుంది. ధూమకంఠుడికి కూడా విస్తరి వేసింది. అతను మూడుసార్లు పప్పు మారడిగాడు. పెళ్లి ఐదురోజులు జరిగింది. అందులో మేనమామకి లోటు రాకుండా ధూమకంఠుడే చూసుకున్నాడు. రాజుగారు మాత్రం పిల్లలు వచ్చిన రోజునా తలే ఊపాడు, పెళ్లినాడూ తలే ఊపాడు.

పెళ్లివారు వెళ్లిపోయాక ఆయన పాలవెల్లిని పిలిచి, "నీకేం కావాలి?" అన్నాడు. ఆయనకి అది చాలా పెద్ద మాట.

"నాతో ఆడండి నాన్నగారూ."

రాజుగారు అటూ ఇటూ చూశాడు. సేవకుల్ని పంపేశాడు. కిరీటం తీసి పక్కన పెట్టి, నేలమీద కూర్చుని, బొమ్మల బుట్టలోంచి, పెళ్లి కానుకల్లో వచ్చిన ఏనుగుని తీశాడు. "ఇది ఏమంటుంది?"

"మీ ఏనుగు కదా, మీరే చెప్పాలి."

రాజుగారు చాలాసేపు ఏనుగుని చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత చిన్న గొంతుతో, తనది కానట్టుండే గొంతుతో మొదలుపెట్టాడు. "నాకు ముగ్గురు పిల్లలు. ఇద్దరు వెళ్లిపోయారు. మూడోది కూడా వెళ్లిపోయింది. నేను సముద్రం ఒడ్డుకి వెళ్లి, భటులందర్నీ వెనక్కి పంపేసి, దాని పేరు పెట్టి పిలిచాను. రోజూ వెళ్లి పిలిచాను. నాకు చాలా భయమేసింది."

పాలవెల్లి దగ్గరికి జరిగింది. చక్రాల గుర్రాన్ని మెల్లగా దొర్లించుకుంటూ ఏనుగు పక్కకి తెచ్చింది. "ఏడు సముద్రాల అవతల ఉన్నాను కదా, వినపడలేదు" అంది గుర్రం గొంతుతో. "ఇప్పుడు వినపడింది."

రాజుగారు కూతుర్ని ఒళ్లోకి లాక్కున్నాడు. ఆ సాయంత్రమంతా ఏనుగు మాట్లాడుతూనే ఉంది, గుర్రం వింటూనే ఉంది.

ఆ తర్వాత రత్నకేతుడు రాజై, హేమరేఖ రాణియై చాలాకాలం చల్లగా పాలించారు. వాళ్ల పిల్లలకి కథలు చెప్పింది మాత్రం వాళ్ల తాతగారు చిత్రభానుడే. ఇక కథ బుట్టలోకి, మనం పక్కలోకి!